విండోస్ లైసెన్స్ చెల్లదని చూపినప్పుడు ఏమి చేయాలి, అప్‌డేట్లను మన చేతిలో ఎలా ఉంచుకోవాలి

తెరపై కుడివైపు దిగువన ‘విండోస్‌ను యాక్టివేట్ చేయండి’ అన్న మసక అక్షరాలు కనిపించగానే చాలామంది ఎక్కడో దాచుకున్న ప్రొడక్ట్ కీని వెతికి మళ్లీ టైప్ చేస్తారు. అది పని చేయకపోతే మరొక కీ కొంటారు. అదీ కుదరకపోతే ఇంటర్నెట్‌లో దొరికే ‘యాక్టివేటర్’ను దించుకుంటారు. అసలు సమస్య కీలో లేనప్పుడు ఈ ప్రయత్నాల వల్ల చిక్కుముడి బిగుస్తుందే తప్ప విడదు.

నా కంప్యూటర్‌లో మదర్‌బోర్డు మార్చిన రోజు నాకూ ఇదే సందేశం వచ్చింది. లైసెన్స్‌ను అంతకుముందే నా ఖాతాకు జోడించి ఉన్నందువల్ల కొద్ది నిమిషాల్లో సరిపోయింది. అదే రకమైన మరమ్మతు చేయించుకున్న నా బంధువు ఒకరు ఆ పని ముందుగా చేసుకోలేదు. ఆయన మళ్లీ డబ్బు పెట్టి లైసెన్స్ కొనుక్కోవలసి వచ్చింది. ఆ రెండు అనుభవాల మధ్య తేడాయే నాచేత ఈ మార్గదర్శిని రాయిస్తోంది.

ఒక చిన్న గమనిక. ఆదేశాలనూ ఎర్రర్ కోడ్‌లనూ ఇక్కడ పలికే విధంగా తెలుగు లిపిలో ఇస్తున్నాను. టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాలే వాడాలి. కోడ్‌లన్నిటికీ ముందు ఉండే ‘0ఎక్స్’ను వదిలేశాను.

అసలు సర్వర్ దేనిని పరీక్షిస్తుంది?

విండోస్‌లో యాక్టివేషన్, అంటే లైసెన్స్ చెల్లుతుందని మైక్రోసాఫ్ట్ సర్వర్ ధ్రువీకరించడం, 2001లో ఎక్స్‌పీతో మొదలైంది. అప్పట్లో 25 అక్షరాల కీ చుట్టూనే అంతా తిరిగేది. 2015లో విండోస్ 10 వచ్చాక లెక్క మారింది. ఇప్పుడు చాలా కంప్యూటర్లలో ఉన్నది డిజిటల్ లైసెన్స్. కంప్యూటర్‌లోని భాగాల వివరాల నుంచి విండోస్ ఒక గుర్తింపును తయారు చేస్తుంది. మైక్రోసాఫ్ట్ సర్వర్ ఆ గుర్తింపు పక్కన ‘ఈ యంత్రానికి ఫలానా ఎడిషన్ (హోమ్, ప్రో వంటి రకం) లైసెన్స్ ఉంది’ అని రాసుకుంటుంది. అదే యంత్రంలో అదే ఎడిషన్‌ను తిరిగి ఇన్‌స్టాల్ చేస్తే కీ అడగకుండానే యాక్టివేట్ కావడానికి కారణం ఇదే.

ఈ గుర్తింపులో మదర్‌బోర్డుది పెద్ద పాత్ర. మెమరీ పెంచినా, హార్డ్ డిస్క్ మార్చినా సాధారణంగా ఏమీ కాదు. మదర్‌బోర్డు మారితే మాత్రం సర్వర్ దృష్టిలో అది కొత్త కంప్యూటర్. అందుకే కీ సరైనదేనా అన్న ప్రశ్న తర్వాత వేసుకోవచ్చు. ముందు తేలవలసింది, సర్వర్ ఈ యంత్రాన్ని గుర్తుపడుతోందా లేదా అన్నది.

మొదటి అడుగు: లైసెన్స్ రకం తెలుసుకోండి

దీన్ని దాటవేయకండి. తర్వాత చేసే ప్రతి పనీ దీని మీదే ఆధారపడుతుంది.

స్టార్ట్ మెనూలో ‘సీఎండీ’ అని వెతికి, కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరవండి. ‘ఎస్ఎల్ఎంజీఆర్’ అని రాసి, ఒక ఖాళీ వదిలి, ‘/డీఎల్ఐ’ అని టైప్ చేసి ఎంటర్ నొక్కండి. చిన్న పెట్టె తెరుచుకుంటుంది. అందులో వివరణ అన్న వరుసలో రిటైల్, ఓఈఎమ్, వాల్యూమ్ అన్న మాటల్లో ఏదో ఒకటి కనిపిస్తుంది. తర్వాత అదే ఆదేశాన్ని ‘/ఎక్స్‌పీఆర్’తో నడిపితే, యాక్టివేషన్ శాశ్వతమా, లేక ఒక తేదీతో ముగుస్తుందా అన్నది చెబుతుంది.

రిటైల్ అంటే విడిగా కొన్నది. పాత కంప్యూటర్ నుంచి తీసేసి కొత్త దానికి మార్చుకునే హక్కు దీనికి ఉంటుంది, కానీ ఒకేసారి రెండింటిలో వాడకూడదు. ఓఈఎమ్ అంటే కంప్యూటర్‌తో పాటు వచ్చినది. ఇది ఆ యంత్రంతో పుట్టి ఆ యంత్రంతోనే పోతుంది. విండోస్ 8 కాలం నుంచి పెద్ద తయారీదారులు ఈ కీని మదర్‌బోర్డు ఫర్మ్‌వేర్‌లోనే (అందులోనే ఉండే ప్రోగ్రామ్‌లో) భద్రపరుస్తున్నారు. అందుకే కొత్త ల్యాప్‌టాప్‌ల కింద కీ ముద్రించిన స్టిక్కర్ ఉండదు.

వాల్యూమ్ అంటే సంస్థలు పెద్ద సంఖ్యలో తీసుకునేది. ఇందులో రెండు పద్ధతులున్నాయి. ఎమ్ఏకే కీ ఒకసారి యాక్టివేట్ చేస్తే నిలిచిపోతుంది, కాకపోతే ఎన్నిసార్లు వాడవచ్చో పరిమితి ఉంటుంది. కేఎంఎస్ అయితే సంస్థ సొంత సర్వర్ నుంచి 180 రోజులకు మాత్రమే అనుమతి వస్తుంది.

సొంత డబ్బుతో కొన్న ఇంటి కంప్యూటర్‌లో కేఎంఎస్ అని కనిపించి, దానికి గడువు తేదీ కూడా ఉంటే, మీకు అమ్మినవారు చెల్లే లైసెన్స్ ఇవ్వలేదనే అర్థం. ఈ సంగతి ముందే తెలిస్తే కోడ్‌ల వెంట పడి కాలం వృథా చేసుకోనక్కరలేదు. నేరుగా అమ్మినవారిని నిలదీయవచ్చు.

రెండో అడుగు: తేలికగా సరిపోయేవి

కంప్యూటర్ గడియారం, తేదీ సరిగ్గా ఉన్నాయా చూడండి. తేదీ తప్పుగా ఉంటే సర్వర్‌తో సురక్షిత అనుసంధానం కుదరదు. 80072ఎఫ్8ఎఫ్ అన్న కోడ్ ఎక్కువగా ఇందుకే వస్తుంది. ఆపివేసిన ప్రతిసారీ తేదీ వెనక్కి పోతుంటే మదర్‌బోర్డుపై ఉండే నాణెం ఆకారపు బ్యాటరీ అయిపోయినట్లే.

తర్వాత ఎడిషన్ చూడండి. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో అబౌట్ విభాగంలో హోమ్ అని ఉందా, ప్రో అని ఉందా? మీ లైసెన్స్ హోమ్‌ది అయి ఉండి, మరమ్మతు చేసినవారు ప్రో ఇన్‌స్టాల్ చేసి ఉంటే ఎన్నిసార్లు ప్రయత్నించినా యాక్టివేట్ కాదు. ఇది చాలా మామూలుగా జరిగే పొరపాటు. సరైన ఎడిషన్‌ను తిరిగి ఇన్‌స్టాల్ చేయడమే దీనికి మార్గం.

ఇవి రెండూ సరిగ్గా ఉండి, హార్డ్‌వేర్‌లో మీరు ఏమీ మార్చకపోయినా ఉన్నట్టుండి లైసెన్స్ చెల్లదని చూపితే, ఒక రోజు ఆగండి. తప్పు అవతలివైపు కూడా ఉండవచ్చు. 2007 ఆగస్టులో మైక్రోసాఫ్ట్ ధ్రువీకరణ సర్వర్లలో లోపం వచ్చి, సక్రమంగా కొన్న ఎక్స్‌పీ, విస్టా కంప్యూటర్లు సైతం నకిలీవిగా చూపబడ్డాయి. 2018 నవంబరులో విండోస్ 10 ప్రో వాడుతున్న పలువురికి ‘మీ దగ్గర ఉన్నది హోమ్ లైసెన్స్’ అన్న సందేశం వచ్చింది. సర్వర్లను సరిచేశాక రెండు సందర్భాల్లోనూ లైసెన్సులు మామూలుగానే చెల్లాయి. తొందరపడి ప్రో తీసేసి హోమ్ ఇన్‌స్టాల్ చేసుకున్నవారికి మాత్రం రెట్టింపు పని పడింది. యాక్టివేషన్ లేకపోయినా కంప్యూటర్ పని చేస్తుంది, భద్రతా అప్‌డేట్లూ వస్తాయి. వాల్‌పేపర్, రంగులు మార్చుకునే వీలు మాత్రమే తాత్కాలికంగా పోతుంది. కాబట్టి ఒక రోజు ఆగడం వల్ల నష్టం లేదు.

మూడో అడుగు: హార్డ్‌వేర్ మారినప్పుడు

కోడ్ సీ004ఎఫ్211 అయితే కారణం దాదాపుగా ఇదే. దీనికోసమే 2016 ఆగస్టులో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ నుంచి, డిజిటల్ లైసెన్స్‌ను మైక్రోసాఫ్ట్ ఖాతాకు జోడించుకునే ఏర్పాటు ఉంది.

సెట్టింగ్స్ తెరిచి సిస్టమ్‌లో యాక్టివేషన్‌కు వెళ్లండి. విండోస్ 10లో అయితే ఇది ‘అప్‌డేట్, భద్రత’ విభాగంలో ఉంటుంది. యాక్టివేట్ కాని స్థితిలో అక్కడ ట్రబుల్‌షూట్ బటన్ కనిపిస్తుంది. దాన్ని నొక్కాక, ‘ఈ పరికరంలో ఇటీవల హార్డ్‌వేర్ మార్చాను’ అనే అర్థం వచ్చే వరుసను ఎంచుకుని, పాత లైసెన్స్ జోడించి ఉన్న ఖాతాతోనే లాగిన్ కావాలి. మీ కంప్యూటర్ల జాబితా వస్తుంది. అందులో ఇప్పుడు వాడుతున్న యంత్రాన్ని ఎంచుకుని, ‘ఇప్పుడు వాడుతున్నది ఇదే’ అన్న గడిలో గుర్తు పెట్టి, యాక్టివేట్ నొక్కండి.

జాబితాలో మీ కంప్యూటర్ లేకపోతే మూడు కారణాలు ఉండవచ్చు: వేరే ఖాతాతో లాగిన్ అయ్యారు, లైసెన్స్‌ను ఖాతాకు ఎప్పుడూ జోడించలేదు, లేదా అది సంస్థ ఇచ్చిన లైసెన్స్. ఓఈఎమ్ లైసెన్స్ ఉన్న ల్యాప్‌టాప్‌కు తయారీదారే వారంటీ కింద మదర్‌బోర్డు మార్చి ఉంటే, యాక్టివేషన్ బాధ్యత కూడా వారిదే. ఆ మాట గట్టిగా అడగండి. మరమ్మతు రసీదు దగ్గర ఉంచుకోండి.

ఇప్పుడు మీ కంప్యూటర్ ఏ ఇబ్బందీ లేకుండా నడుస్తుంటే, ఈ పుటను చదవడం ఆపి యాక్టివేషన్ విభాగం తెరిచి చూడండి. ‘మీ మైక్రోసాఫ్ట్ ఖాతాకు జోడించిన డిజిటల్ లైసెన్స్‌తో విండోస్ యాక్టివేట్ అయింది’ అన్న అర్థంలో వాక్యం ఉండాలి. ఖాతా ప్రస్తావన లేకపోతే అక్కడే ఖాతాను జోడించుకోండి. నా బంధువుకు కొత్త లైసెన్స్ ఖర్చు తెచ్చిపెట్టింది ఈ ఒక్క లోటే.

మిగిలిన కోడ్‌లు

సీ004ఎఫ్050 అంటే మీరు ఇచ్చిన కీ చెల్లదని. టైప్ చేయడంలో తప్పు దొర్లిందేమో, కీ వేరే ఎడిషన్‌దేమో చూడాలి. సీ004సీ008 అంటే ఆ కీ ఇప్పటికే అనుమతికి మించి వాడారని. రిటైల్ కీని పాత కంప్యూటర్ నుంచి తెచ్చుకుంటున్నట్లయితే, అక్కడ ‘ఎస్ఎల్ఎంజీఆర్ /యూపీకే’ ఆదేశంతో కీని తొలగించి, ఇక్కడ మళ్లీ ప్రయత్నించండి. అప్పటికీ కాకపోతే కొనుగోలు రుజువుతో మైక్రోసాఫ్ట్ సహాయ విభాగాన్ని సంప్రదించాలి. సీ004సీ003 అంటే సర్వర్ ఆ కీని నిరోధించిందని. అతి చౌకగా కొన్న కీలకు కొన్ని నెలల తర్వాత తరచూ ఈ గతి పడుతుంది. ఒక సంస్థకు ఇచ్చిన వాల్యూమ్ కీని ఎవరో విడివిడిగా అమ్మి ఉంటారు. ఆ సంగతి బయటపడగానే కీ రద్దవుతుంది.

కార్యాలయ ల్యాప్‌టాప్‌లలో ఎక్కువగా కనిపించేది సీ004ఎఫ్074, అంటే కేఎంఎస్ సర్వర్ అందుబాటులో లేదని. కేఎంఎస్ యంత్రాలు ప్రతి 7 రోజులకూ తమ గడువును పొడిగించుకోవడానికి ప్రయత్నిస్తాయి. నెలల తరబడి ఇంటి నుంచే పని చేస్తూ కార్యాలయ నెట్‌వర్క్‌లోకి ఒక్కసారీ రాని ల్యాప్‌టాప్‌కు 180 రోజులు నిండిపోతాయి. వీపీఎన్‌తో (బయటి నుంచి కార్యాలయ నెట్‌వర్క్‌లోకి చేరే మార్గం) కలిపి, ‘ఎస్ఎల్ఎంజీఆర్ /ఏటీఓ’ అని నడిపితే చాలాసార్లు చాలు. కాకపోతే సర్వర్ పోర్టు 1688కి దారి ఉందో లేదో చూడమని నెట్‌వర్క్ నిర్వాహకులను కోరండి. కొత్తగా కేఎంఎస్ ఏర్పాటు చేసేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. కనీసం 25 యంత్రాలు సంప్రదించేవరకు ఆ సర్వర్ విండోస్ క్లయింట్లను (సిబ్బంది వాడే కంప్యూటర్లను) యాక్టివేట్ చేయదు.

యాక్టివేటర్ల గురించి నా మాట సూటిగా చెబుతాను. అవి చాలావరకు కంప్యూటర్ లోపలే నకిలీ కేఎంఎస్ సర్వర్‌ను నిలబెట్టేవి. ఇన్‌స్టాల్ చేయడానికి యాంటీవైరస్‌ను ఆపమంటాయి, అడ్మినిస్ట్రేటర్ అధికారం అడుగుతాయి. అంటే ఎవరు రాశారో తెలియని ప్రోగ్రామ్‌కు కాపలాదారుణ్ని పంపించి వేసి, ఇంటి తాళాలు ఇస్తున్నాం. ఆ కంప్యూటర్‌లో బ్యాంకు లావాదేవీలు చేసే ధైర్యం నాకు లేదు. కొనే స్తోమత లేకపోతే, యాక్టివేట్ చేయని విండోస్‌నే వాడుకోవడం లేదా లినక్స్‌కు మారడం అంతకన్నా ఎంతో సురక్షితం.

అప్‌డేట్లకూ లైసెన్స్‌కూ సంబంధం

‘అప్‌డేట్ చేశాకే లైసెన్స్ పోయింది’ అన్న మాట తరచూ వింటాం. నిజంగా అలా జరిగిన సందర్భాలు ఉన్నాయి. 2019 జనవరిలో కేబీ971033 అనే పాత అప్‌డేట్ ఉన్న విండోస్ 7 కేఎంఎస్ యంత్రాలు నకిలీవిగా కనిపించాయి. కానీ అలాంటివి అరుదు. ఎక్కువసార్లు అప్పటికే తప్పుగా ఉన్న లైసెన్స్ అప్‌డేట్ తర్వాతి పరీక్షలో బయటపడుతుంది. అందుకే పెద్ద అప్‌డేట్‌కు ముందొకసారి, తర్వాత ఒకసారి ‘/ఎక్స్‌పీఆర్’ నడిపి చూసుకుంటే, సమస్య ముందునుంచీ ఉందా, కొత్తగా వచ్చిందా అన్నది మీకే తెలుస్తుంది.

అప్‌డేట్లను పూర్తిగా ఆపివేయమని సలహా ఇచ్చేవారితో నేను ఏకీభవించను. 2017 మే 12న వానాక్రై అనే, ఫైళ్లను తాళం వేసి డబ్బు అడిగే వైరస్ విజృంభించింది. అది వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చి 14నే మరమ్మతు విడుదల చేసింది. దాదాపు రెండు నెలల వ్యవధి ఉన్నా అప్‌డేట్ చేసుకోనివారే అందులో చిక్కుకున్నారు. మరోవైపు 2018 అక్టోబరులో వచ్చిన విండోస్ 10 1809 వెర్షన్ కొందరి వ్యక్తిగత ఫైళ్లను తుడిచివేసింది. దాన్ని ఆపి, సరిచేసి, నవంబరులో మళ్లీ విడుదల చేశారు. ఈ రెండు సంఘటనలనూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తోచిన పద్ధతి ఇది: నెలవారీ భద్రతా అప్‌డేట్‌ను వారం లోపు, ఏడాదికొకసారి వచ్చే ఫీచర్ అప్‌డేట్‌ను రెండు నెలలు ఆగి తీసుకోవాలి.

భద్రతా అప్‌డేట్లు ప్రతి నెలా రెండో మంగళవారం వస్తాయి. నెలాఖరు వైపు వచ్చే ఐచ్ఛిక ప్రివ్యూలు తర్వాతి నెల అప్‌డేట్‌లో కలిసే వస్తాయి కాబట్టి, వాటిని నిశ్చింతగా వదిలేయవచ్చు. సెట్టింగ్స్‌లోని విండోస్ అప్‌డేట్ విభాగంలో ‘పాజ్’ ఉంటుంది. అక్కడే యాక్టివ్ అవర్స్‌లో మీరు పని చేసే వేళలు ఇస్తే, గరిష్ఠంగా 18 గంటల వరకు, ఆ సమయంలో తనంతట తాను రీస్టార్ట్ కాదు. డేటా పరిమితి ఉన్నవారు తమ నెట్‌వర్క్‌ను ‘మీటర్డ్’ అని గుర్తించుకుంటే చాలా డౌన్‌లోడ్లు ఆగుతాయి.

ప్రో ఎడిషన్ ఉన్నవారికి ఇంతకన్నా మంచి సాధనం ఉంది. ‘జీపీఎడిట్.ఎంఎస్‌సీ’ తెరిచి, కంప్యూటర్ కాన్ఫిగరేషన్ కింద అడ్మినిస్ట్రేటివ్ టెంప్లేట్స్, విండోస్ కాంపోనెంట్స్, విండోస్ అప్‌డేట్ వరుసలో వెళ్లండి. నాణ్యతా (అంటే నెలవారీ) అప్‌డేట్లను 30 రోజుల వరకు, ఫీచర్ అప్‌డేట్లను 365 రోజుల వరకు వాయిదా వేసే విధానాలు అక్కడ ఉన్నాయి. నేను మొదటిదానికి 5, రెండోదానికి 60 పెట్టుకున్నాను. ఒకసారి పెడితే ప్రతి నెలా గుర్తుంచుకోవలసిన పని ఉండదు.

పెద్ద అప్‌డేట్‌కు ముందు

అన్నిటికన్నా ముందు బిట్‌లాకర్ (డిస్క్‌ను ఎన్‌క్రిప్ట్ చేసే విండోస్ ఏర్పాటు) రికవరీ కీ. 2024 జూలై అప్‌డేట్ తర్వాత కొన్ని కంప్యూటర్లు మొదలవగానే ఈ కీని అడిగాయి. అది 48 అంకెల సంఖ్య. డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయి ఉందన్న సంగతే చాలామందికి తెలియదు, ఎందుకంటే కొత్త ల్యాప్‌టాప్‌లలో అది తనంతట తానే మొదలవుతుంది. కీ మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. దాన్ని కాగితం మీద రాసి కంప్యూటర్‌కు దూరంగా దాచండి. కీ లేకపోతే ఆ డిస్క్‌లోని సమాచారాన్ని ఎవరూ తిరిగి తేలేరు.

ముఖ్యమైన ఫైళ్లను వేరే డిస్క్‌లోకి కాపీ చేసి, ఆ డిస్క్‌ను విడదీసి పెట్టండి. ‘సీ’ డ్రైవ్‌లో కనీసం 30 జీబీ ఖాళీ ఉంచండి, ల్యాప్‌టాప్ అయితే ఛార్జర్ కలిపి ఉంచండి.

అప్‌డేట్ విఫలమైతే

ముందు రీస్టార్ట్ చేసి మళ్లీ ప్రయత్నించండి. కోడ్ 80070070 అయితే డిస్క్‌లో చోటు చాలడం లేదు. 800ఎఫ్081ఎఫ్ అయితే విండోస్ మరమ్మతుకు కావలసిన భాగాలు దొరకలేదు.

తర్వాత అడ్మినిస్ట్రేటర్ కమాండ్ ప్రాంప్ట్‌లో ‘డీఐఎస్ఎమ్ /ఆన్‌లైన్ /క్లీనప్-ఇమేజ్ /రిస్టోర్‌హెల్త్’ నడపండి. మధ్యలో ఆగినట్లు కనిపించినా మూసివేయకండి. అది పూర్తయ్యాకే ‘ఎస్ఎఫ్‌సీ /స్కాన్‌నౌ’. ఎస్ఎఫ్‌సీ దెబ్బతిన్న ఫైళ్లను మార్చేది విండోస్ దాచుకున్న నిల్వలోని ప్రతులతో. ఆ నిల్వను బాగుచేసేది డీఐఎస్ఎమ్. అందుకే ఈ వరుసను తిరగేయకూడదు.

అప్పటికీ కాకపోతే డౌన్‌లోడ్ అయిన ఫైళ్లే పాడై ఉండవచ్చు. ‘నెట్ స్టాప్’ ఆదేశంతో వూఆసర్వ్ (డబ్ల్యూయూఏయూఎస్ఈఆర్‌వీ), బిట్స్ సేవలను ఆపి, విండోస్ ఫోల్డర్‌లోని సాఫ్ట్‌వేర్‌డిస్ట్రిబ్యూషన్ ఫోల్డర్ పేరు చివర ‘.ఓల్డ్’ చేర్చి, సేవలను ‘నెట్ స్టార్ట్’తో తిరిగి మొదలుపెట్టండి. విండోస్ కొత్త ఫోల్డర్ తయారు చేసుకుని అన్నీ మళ్లీ దించుకుంటుంది. అప్‌డేట్ చరిత్ర జాబితా తాత్కాలికంగా ఖాళీగా కనిపిస్తే కంగారుపడకండి. అంతా సజావుగా ఉంటే వారం తర్వాత ఆ పాత ఫోల్డర్‌ను తొలగించవచ్చు.

ఒక కోడ్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. 2024 జనవరిలో కేబీ5034441 అప్‌డేట్ ఎన్నో విండోస్ 10 కంప్యూటర్లలో 80070643 కోడ్‌తో విఫలమైంది. రికవరీ పార్టిషన్‌లో (డిస్క్‌లో మరమ్మతు సాధనాలకు కేటాయించిన భాగంలో) చోటు చాలకపోవడమే కారణం. ఫోల్డర్ పేరు మార్చినా, డీఐఎస్ఎమ్ నడిపినా అది తీరదు. పార్టిషన్ పరిమాణం పెంచాలి. బ్యాకప్ లేకుండా ఆ పనికి దిగవద్దు.

ఇన్‌స్టాల్ అయ్యాక ఇబ్బంది వస్తే, అప్‌డేట్ హిస్టరీలో అన్‌ఇన్‌స్టాల్ విభాగం నుంచి నెలవారీ అప్‌డేట్‌ను తొలగించవచ్చు. ఫీచర్ అప్‌డేట్ నుంచి వెనక్కి వెళ్లడానికి 10 రోజులే గడువు. సెట్టింగ్స్‌లో సిస్టమ్, రికవరీ, గో బ్యాక్. ఆ 10 రోజుల్లో డిస్క్ శుభ్రం చేసే పని పెట్టుకుని పాత వెర్షన్ దాచి ఉన్న విండోస్.ఓల్డ్ ఫోల్డర్‌ను తొలగిస్తే ఆ దారి మూసుకుపోతుంది.

విండోస్ 10లోనే ఉన్నవారికి

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు ఉచిత మద్దతు ముగిసింది. మీ లైసెన్స్ రద్దు కాలేదు, యాక్టివేషన్ అలాగే ఉంటుంది. ముఖ్యంగా ఆగినది భద్రతా మరమ్మతుల రాక. వ్యక్తిగత వినియోగదారుల పొడిగింపు పథకంలో చేరితే 2026 అక్టోబరు 13 వరకు అవి అందుతాయి. చేరడానికి 22హెచ్2 వెర్షన్, మైక్రోసాఫ్ట్ ఖాతా ఉండాలి.

కంప్యూటర్‌లో టీపీఎమ్ 2.0 (భద్రతా చిప్) ఉండి, మిగిలిన అర్హతలు కూడా సరిపోతే, విండోస్ 11కు అదే డిజిటల్ లైసెన్స్ చెల్లుతుంది. కొత్తది కొనవద్దు. అయితే పాత విండోస్ 7, 8 కీలతో విండోస్ 10 లేదా 11ను కొత్తగా యాక్టివేట్ చేసే దారిని మైక్రోసాఫ్ట్ 2023 సెప్టెంబరులో మూసేసింది. అలాంటి కీ ఒక్కటే చేతిలో ఉన్నవారు, ఇప్పటికే యాక్టివేట్ అయి ఉన్న విండోస్ 10ను తుడిచి కొత్తగా ఇన్‌స్టాల్ చేసే ముందు, లైసెన్స్ ఖాతాకు జోడించి ఉందో లేదో ఇంకొకసారి చూసుకోవాలి.